రెండు రోజులుంటే ఐదు ఊళ్ళు వద్దు, పొందూరు వెళ్ళండి

విశాఖ నుంచి ఇద్దరు పిల్లలతో శని, ఆదివారాలు బయల్దేరితే అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, ముఖలింగం, బొబ్బిలి అన్నీ చూసి రాగలమా, లేక చరిత్ర ఉన్న పల్లె ఒక్కటి చూసుకోవడం మంచిదా అని అడిగారు.

అన్నీ తిరగొచ్చు. కానీ ఎక్కువసేపు కారులోనే గడుస్తుంది. సోమవారం పిల్లల్ని అడిగితే ఏది ఎక్కడ చూశారో చెప్పలేరు. వారాంతం అనగానే ఊళ్ళ పేర్లు లెక్కపెట్టుకోవడం అలవాటైపోయింది మనకి, అది పోవాలి. శనివారమంతా శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఉండండి, ఆదివారం పొద్దున్న ముఖలింగం చూడండి. అంతకు మించి పెట్టుకోవద్దు.

పొందూరే ఎందుకంటే, గాంధీజీ ఈ ఊళ్ళో చేత్తో వడికి నేసే ఖద్దరు సన్నదనం చూసి, ఎలా చేస్తున్నారో కనుక్కు రమ్మని కొడుకు దేవదాస్ గాంధీని పంపించారు. అప్పుడు దేవదాస్ చూసిన పని ఇప్పటికీ దాదాపు అవే పనిముట్లతో జరుగుతోంది. పాత గుడి దగ్గర పిల్లలకి చరిత్ర మనం చెప్పాలి. ఇక్కడ వాళ్ళే కూర్చుని చూస్తారు.

కారులో అయితే జాతీయ రహదారి మీద ఎచ్చెర్ల కంటే ముందు చిలకపాలెం వస్తుంది. అక్కడ ఎడమకి, రాజాం వెళ్ళే రోడ్డు పట్టుకోండి. రైలయితే పొందూరుకి సొంత స్టేషనుంది, కానీ ఎక్కువగా ప్యాసింజర్లే నమ్ముకోవాలి. అక్కడ ఆగని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆమదాలవలసలో దిగాలి. టికెట్ మీద దాని పేరు శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. శ్రీకాకుళం టౌన్లో రైల్వే స్టేషన్ లేదు, కొత్తవాళ్ళు తికమక పడేది ఇక్కడే. రాత్రి బస శ్రీకాకుళంలో పెట్టుకోండి, పొందూరు నుంచి ఇంచుమించు ఇరవై కిలోమీటర్లు.

బేగి వెళ్ళండి, ఎండ ముదరకముందే. సన్న నూలుకి గాలిలో కాస్త తడి ఉండాలి. ఎండిన గాలికి పోగు పెళుసెక్కి మాటిమాటికీ తెగుతుంది. మగ్గం గుంటలో ఉండటానికి ఒక కారణం కూడా అదే, నేల చెమ్మ పడుగుని, అంటే మగ్గం మీది నిలువు పోగుల్ని, కాపాడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం వెళ్తే పని చేసేవాళ్ళకీ కష్టం, చూసేవాళ్ళకీ కష్టం. ముసురు పట్టిన రోజుల్లో గంజి పెట్టిన పడుగు ఆరదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి.

వెళ్ళాక తిన్నగా ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘానికి వెళ్ళండి. 1949లో ఏర్పడిన సంఘం ఇది. వడికే ఇళ్ళు ఎటున్నాయో అక్కడే అడగండి. చెప్పకుండా ఇళ్ళలోకి దూరకండి.

అక్కడ చూడాల్సింది గుప్పెడు పత్తి దారంగా మారడం. తొందరపడకుండా మొదటినుంచీ చూడండి. ముందు పత్తిని చేత్తో ఏరి ఆకు ముక్కలు తీసేస్తారు. సన్న నూలుకి వాడేది ఇక్కడి కొండపత్తి. ఎర్రపత్తి, పునాస పత్తి అని వేరే రకాలు కూడా ఉన్నాయి. తరవాత వచ్చేది వాలుగ చేప దవడ. గోదావరి వైపు నుంచి, రాజమండ్రి ప్రాంతం నుంచి తెప్పిస్తారు. ఆ చేప నోట్లో పళ్ళు సూదిమొనల్లా, దట్టంగా, లోపలికి వంగి ఉంటాయి. గింజ ఇంకా పత్తిలో ఉండగానే ఈ దవడతో దువ్వుతారు. కిటుకంతా ఇందులోనే ఉంది. జుట్టు కుదురు పట్టుకుని చిక్కు తీసినట్టు, గింజ పట్టుకుని దువ్వితే పీచు తెగకుండా ఒకే వైపుకి తిరుగుతుంది, నలుసులు రాలిపోతాయి. గింజ తీశాక దువ్వితే పీచుకి పట్టు ఉండదు. ఇనప దువ్వెన వాడితే పీచు తెగుతుంది.

దువ్వినదాన్ని చెక్క మీద పెట్టి ఇనప కడ్డీని దొర్లిస్తారు. గింజ చితక్కుండా ముందుకి జారి బయటపడాలి. చితికితే ఆ పొట్టు దూదిలో కలిసి, వడికేటప్పుడు ముడై కూర్చుంటుంది. గింజ పోయిన దూదిని చేత్తో పొంగించి చిన్న విల్లుతో ఏకుతారు. నారి కొట్టినప్పుడల్లా దూది నురగలా లేస్తుంది. ఏకిన దూదిని పొడుగ్గా చుడితే ఏకులు. వాటిని ఎండిన అరటి దొప్పలో చుట్టి ఉంచుతారు, చేతి చెమటా దుమ్మూ తగలకుండా. ‘ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు’ అన్న సామెత పిల్లలకి తెలిస్తే, ఆ ఏకు ఇదేనని చూపించండి.

ఆఖరికి రాట్నం. 24 ఆకుల (పుల్లల) చక్రం, పోగు చుట్టుకునే కదురు ఒకటే. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతిలోని ఏకుని వెనక్కి లాగుతారు. చెయ్యి తొందరపడితే పోగు పలచబడి తెగుతుంది, ఆలస్యమైతే ఉండ కడుతుంది. యంత్రం లేకుండా, రెండు చేతుల లయతోనే వంద కౌంటు, ఆ పైన నూలు తీస్తారు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం). దాన్ని చిలపలు (నూలు చుట్టలు) చుట్టి సంఘానికి ఇస్తే చిలప లెక్కన కూలి కడతారు.

అందుకే మీ వాళ్ళకి ముందుగానే ఈ మాటలు చెప్పి తీసుకెళ్ళండి. ఏకే గదిలో ఫ్యాను వెయ్యమని అడగొద్దు, దూదంతా లేచిపోతుంది. తలుపులు మూసి ఉన్నాయని విసుక్కోవద్దు, కారణం అదే. వడికే చేతుల మీద ఫ్లాష్ కొట్టొద్దు, కన్ను చెదిరితే పోగు తెగుతుంది. ‘అమ్మా, కాసేపు కూర్చుని చూడొచ్చా’ అని అడిగితే పీట వేసి కూర్చోబెడతారు. పిల్లలు రాట్నం ముట్టుకోవాలంటే అడిగే ముట్టుకోవాలి, కదురు మొన గుచ్చుకుంటుంది. వడికేవాళ్ళతో ధర బేరమాడటం అన్యాయం. పూటంతా కూర్చుని వడికినా చేతికొచ్చే కూలి ఎంతో తక్కువ. వాళ్ళ పిల్లలు ఈ పనిలోకి రాకపోవడానికి అదే కారణం. కొనేదుంటే సంఘం షాపులో, రాసిన ధరకే కొనండి. తగ్గింపు కావాలంటే అక్టోబరు 2 ముందూ వెనకా రిబేటు ఇచ్చే రోజుల్లో వెళ్ళండి.

ఆదివారం సంగతి క్లుప్తంగా. శ్రీకాకుళం నుంచి ముఖలింగం 46 కిలోమీటర్ల దాకా ఉంటుంది. నరసన్నపేటలో టిఫిన్ కానివ్వండి, ఆ తర్వాత తినడానికి పెద్దగా దొరకదు. ఊళ్ళోకి వెళ్తూనే సోమేశ్వరాలయం కనిపిస్తుంది, శిల్పం మీద పొద్దుటి వెలుగు పడుతుండగానే దాన్ని చూసెయ్యండి. తరవాత మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, ఆపైన వంశధార ఒడ్డు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇక్కడేనంటారు. పక్కనే ఉన్న పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు, ముఖలింగం గుడి శాసనాల లిపిని ఎవరూ నేర్పకుండా తనే నేర్చుకుని చదివారు. గోడల మీద అక్షరాలు చూసినప్పుడు పిల్లలకి ఆ మాట చెప్పండి.

ఇక కొన్న బట్ట గురించి. ఖాదీ అని రాసి ఉన్నదంతా సన్న నూలు కాదు, తక్కువ కౌంటువి కూడా పక్కనే ఉంటాయి. ‘కొండపత్తేనా, ఎన్నో కౌంటు’ అని అడగండి. వెలుగుకి ఎత్తి చూస్తే చేత్తో వడికిన పోగు అక్కడక్కడా లావూ సన్నమూ అవుతుంది. మరీ ఒక్కలా ఉంటే అనుమానించండి. అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగిస్తే నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కలిస్తే కరిగి గట్టి ఉండ అవుతుంది. చొక్కా గుడ్డకి పావు మీటరు ఎక్కువ తీసుకుని, కుట్టించే ముందు రాత్రంతా మంచినీళ్ళలో నానబెట్టండి. కుంచించుకునేది చాలావరకు అప్పుడే కుంచించుకుపోతుంది. పిండొద్దు, నీళ్ళు కారేలా నీడన ఆరేయండి. బ్రష్షు, బ్లీచింగు దగ్గరకి రానివ్వొద్దు. పలచటి గంజి పెట్టి, ఇంకా చెమ్మగా ఉండగానే ఇస్త్రీ చెయ్యండి. పూర్తిగా ఎండాక చేస్తే ఆ ముడతలు ఒక పట్టాన పోవు.