పార్కిన్సన్స్ మాత్రలతో పాటు దూలగొండి పొడి వాడొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. పార్కిన్సన్స్ జబ్బుకు లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్రలు మూడు పూటలా వేసుకుంటున్నారు. ఎవరో చెప్పారని నెల నుంచి దూలగొండి గింజల పొడి కూడా రోజుకో చెంచా తీసుకుంటున్నారు. మొదట్లో వణుకు బాగా తగ్గింది. ఇప్పుడేమో మెడ, భుజాలు వాటంతటవే మెలికలు తిరుగుతున్నాయి. మాత్రలు మానేసి పొడి ఒక్కటే వాడతానంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మాత్రలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మాననివ్వకండి. లెవోడోపాను ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు కొయ్యబారిపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి, ప్రాణం మీదికి రావచ్చు.

ఇక పొడి సంగతి. మీ నాన్నగారికి గుణం కనిపించడం భ్రమేమీ కాదు. దూలగొండి గింజల్లో ఉన్నది సాక్షాత్తూ లెవోడోపాయే. దాన్ని ఈ గింజల నుంచి వేరుచేసినట్టు 1937లోనే మన దేశానికి చెందిన దామోదరన్, రామస్వామి ప్రకటించారు. ఆయుర్వేదంలో కంపవాతానికి వాడే కపికచ్ఛు కూడా ఇదే. అంటే ఆయన ఒకే మందును రెండు దారుల్లో తీసుకుంటున్నారన్నమాట.

గింజల బరువులో సుమారు 3 నుంచి 6 శాతం లెవోడోపా ఉంటుంది. చెంచా పొడి 5 గ్రాములనుకుంటే 150 నుంచి 300 మిల్లీగ్రాములు. మామూలుగా రాసే మాత్రలో ఉండేది 100 మిల్లీగ్రాములే. పైగా పొడిని విడిగా వాడితే అందులోని మందు చాలావరకు మెదడుకు చేరకముందే రక్తంలో, పేగుల్లో డోపమైన్‌గా (ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయే రసాయనం ఇదే) మారి వృథా అవుతుంది. మాత్రలోని కార్బిడోపా దాన్ని అడ్డుకుంటుంది. రెండూ కలిపి వాడుతున్నారు కాబట్టి పొడిలోని మందు కూడా దండిగా మెదడుకు చేరుతోంది. ఆ మెలికలకు చాలావరకు కారణం ఇదే కావచ్చు. మోతాదు ఇంకా పెరిగితే లేనివి కనిపించడం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం, వాంతులు మొదలవుతాయి.

2017లో బొలీవియాలో 18 మంది రోగులకు వైద్యుల పర్యవేక్షణలో, కొలిచిన మోతాదులో ఈ పొడి ఇచ్చి చూస్తే మాత్రలకు దీటుగానే పనిచేసింది. అందుకే నేను దీన్ని కొట్టిపారేయను. కానీ ఇంట్లో చెంచాతో కొలిచే పొడిలో ఈ రోజు ఎంత మందు ఉందో, రేపు ఎంత ఉంటుందో ఎవరు చెప్పగలరు?

పొడిని పక్కన పెట్టి, మాత్రలు ఎప్పటిలాగే కొనసాగిస్తూ, ఒకటి రెండు రోజుల్లో న్యూరాలజిస్టును కలవండి. పొడి డబ్బా వెంట తీసుకెళ్లండి. మెలికలు తిరుగుతున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే మోతాదు సరిచేయడం తేలికవుతుంది. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నా, మానసిక సమస్యలకు మందులు వాడుతున్నా ఆ విషయం తప్పక చెప్పండి. ఈలోగా లేనివి కనిపిస్తున్నాయన్నా, స్పృహ తప్పినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.