యుద్ధం వచ్చిందని గ్యాస్ ఆపేస్తే కాంట్రాక్టు బాధ్యత తీరిపోతుందా?

ప్రశ్న: ఇంధన వ్యాపారం చేసే ఒక కంపెనీలో కాంట్రాక్టుల విభాగంలో కొత్తగా చేరాను. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ యూరప్ కంపెనీలకు గ్యాస్ ఆపేసింది కదా. ‘యుద్ధం, ఆంక్షలు మా చేతుల్లో లేవు, ఇది ఫోర్స్ మజూర్ (మన అదుపులో లేని అడ్డంకి)’ అని ఒక లెటర్ పంపేస్తే అమ్మినవాడి బాధ్యత తీరిపోతుందా? బాల్టిక్ సముద్రంలో పేలిపోయిన పైప్‌లైన్‌కి బీమా వస్తుందా? ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టు బయట మధ్యవర్తుల ట్రైబ్యునల్ ముందు, వేల కోట్లు గెలిచిన కంపెనీలకు ఆ డబ్బు నిజంగా చేతికొస్తుందా, లేక కాగితం మీదే ఉండిపోతుందా?

జవాబు: తీరదు. ఫోర్స్ మజూర్ అన్న మాటకి దానంతట దానికి ఏ బలమూ లేదు. ముఖ్యంగా ఇంగ్లిష్ చట్టం కింద రాసుకున్న కాంట్రాక్టుల్లో అది ఒక క్లాజు, అందులో ఏం రాసుకున్నారో దాని బలం అంతవరకే. యుద్ధం జరిగిందా లేదా అని ట్రైబ్యునల్ అడగదు, అది లోకమంతటికీ తెలుసు. ఆ యుద్ధమే నీ చేతులు కట్టేసిందా, వేరే దారి నిజంగా లేదా, లేక ఉన్న దారిలో వెళ్లడం నీకు ఇష్టం లేకపోయిందా అని అడుగుతుంది. మీరు కాంట్రాక్టుల విభాగంలో ఉన్నారు కాబట్టి ఈ ఒక్క ప్రశ్న గట్టిగా పట్టుకోండి.

2022లో ఏం జరిగిందో తేదీలతో సహా చూడండి. రష్యా నుంచి బాల్టిక్ సముద్రం అడుగున జర్మనీకి వెళ్లే నార్డ్ స్ట్రీమ్ 1 పైప్‌లైన్‌లో గ్యాస్‌ని జూన్ మధ్యలో గాజ్‌ప్రోమ్ 40 శాతానికి తగ్గించింది. చెప్పిన కారణం ఒక టర్బైన్. పోర్టొవాయా కంప్రెసర్ స్టేషన్ నుంచి గ్యాస్‌ని సముద్రం అడుగున పైపులోకి నెట్టే టర్బైన్లలో ఒకటి మరమ్మతు కోసం కెనడాలోని మాంట్రియల్‌కి వెళ్లింది, సీమెన్స్ ఎనర్జీ దాన్ని బాగుచేసింది, కానీ కెనడా ఆంక్షల వల్ల వెనక్కి పంపడానికి వీల్లేకుండా పోయింది. ఇంతవరకే చూస్తే అమ్మినవాడి మాటలో కొంత న్యాయం ఉందనే అనిపిస్తుంది. అయితే జూలైలో కెనడా ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది, టర్బైన్ జర్మనీకి చేరింది. ఆగస్టు 3న అప్పటి చాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ మ్యుల్‌హైమ్‌లో ఆ టర్బైన్ పక్కనే నిలబడి, ఇది పంపడానికి సిద్ధంగా ఉంది, వాళ్లు తీసుకుంటామంటే చాలు అన్నట్టుగా చెప్పాడు. ఆంక్షల కాగితాలు సరిగా లేవంటూ గాజ్‌ప్రోమ్ తీసుకోలేదు. ఈలోగానే జూలై 14 తేదీ వేసి కొనుగోలుదారులకు ఫోర్స్ మజూర్ లెటర్లు పంపింది, అదీ జూన్ 14 నుంచే వర్తించేలా, అంటే అప్పటికే తక్కువ పంపిన గ్యాస్‌కి కూడా కలిపి. జూలై 27కి సరఫరా 20 శాతానికి పడింది, ఆగస్టు 31న మూడు రోజుల మెయింటెనెన్స్ అని ఆపి, ఆయిల్ లీకవుతోందంటూ మళ్లీ తెరవలేదు. బాల్టిక్ సముద్రంలో బోర్న్‌హోమ్ దీవి దగ్గర పైపులు పేలింది సెప్టెంబర్ 26న. అంటే గ్యాస్ పూర్తిగా ఆగిపోయిన మూడు వారాల పైచిలుకు తర్వాత. ‘పైపే లేకపోతే ఎలా పంపాలి’ అన్న వాదన ఆ తేదీకి ముందు ఆగిన గ్యాస్‌కి పనికిరాదు. వాదనలన్నీ పక్కన పెట్టి తేదీలు ఒక కాగితం మీద వరసగా రాస్తే సగం కేసు అక్కడే తేలిపోతుంది.

ఇంకో అపోహ కూడా పోవాలి. యూరప్ ఆంక్షలు పెట్టింది కాబట్టి గ్యాస్ ఆగిందని చాలామంది అనుకుంటారు. యూరోపియన్ యూనియన్ రష్యా బొగ్గుని 2022 ఆగస్టు నుంచి, ఓడల మీద వచ్చే ముడిచమురుని డిసెంబర్ 5 నుంచి నిషేధించింది గానీ పైప్‌లైన్ గ్యాస్ కొనడాన్ని ఆ ఏడాది నిషేధించనే లేదు. తనకు అవసరమైన సరుకు కాబట్టి కావాలనే వదిలేసింది. నిషేధం లేనప్పుడు ఆంక్షల వల్ల అమ్మలేకపోయాం అనే మాట నిలబడదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి, ఎందుకంటే అదే ఏడాది ఫోర్స్ మజూర్ అన్నది రష్యా ఒక్కటే కాదు. 2022 మేలో ఉక్రెయిన్ పైప్‌లైన్ ఆపరేటర్ కూడా రష్యా సరిహద్దులోని సొఖ్రానివ్కా ప్రవేశం దగ్గర గ్యాస్ తీసుకోలేమని ఫోర్స్ మజూర్ ప్రకటించింది. ఉక్రెయిన్ మీదుగా యూరప్‌కి వెళ్లే రష్యా గ్యాస్‌లో దాదాపు మూడో వంతు ఆ దారినే పోయేది. ఆ ప్రాంతం రష్యా సైన్యం చేతుల్లోకి పోయింది, కంప్రెసర్ స్టేషన్ మీద తమకు అదుపు లేదు, మధ్యలో గ్యాస్ మళ్లిస్తున్నారు అని కారణాలు చూపించింది. అక్కడితో ఆగకుండా, సుద్జా అనే ఇంకో ప్రవేశం తెరిచే ఉంది, అదనపు ఖర్చు లేకుండా అక్కణ్నుంచి పంపండి అంది. గాజ్‌ప్రోమ్ అది సాంకేతికంగా కుదరదంది, రవాణా డబ్బులు పూర్తిగా కట్టడం మానేసింది. ఉక్రెయిన్ ప్రభుత్వ గ్యాస్ కంపెనీ నఫ్టోగాజ్ ఆర్బిట్రేషన్‌కి వెళ్లింది, 2025 జూన్‌లో దాదాపు 140 కోట్ల డాలర్ల అవార్డు (ట్రైబ్యునల్ తీర్పు) గెలిచింది. రెండు ఫోర్స్ మజూర్‌లకీ తేడా ఎక్కడుందో గమనించండి. ఒకరు కుదరదన్నచోట వేరే దారి చూపించారు, ఇంకొకరు దారి చేతికందినా పట్టుకోలేదు.

ఇది పాత సూత్రమే. 1956లో సూయజ్ కాలువ మూతబడినప్పుడు సూడాన్ నుంచి హాంబర్గ్‌కి వేరుశనగలు పంపాల్సిన వ్యాపారి, కాలువ లేదు కాబట్టి కాంట్రాక్టే లేదన్నాడు. ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లే దారి ఉంది కదా, ఖర్చెక్కువైనంత మాత్రాన కాంట్రాక్టు పోదు అని 1961లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. మన సుప్రీంకోర్టు 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో, ఇండోనేషియా బొగ్గు ధర పెరిగిందని కాంట్రాక్టు నుంచి బయటపడాలనుకున్న విద్యుత్ కంపెనీలకి ఇదే బాటలో జవాబు చెప్పింది.

మరి కొనుగోలుదారులు చేసిందంతా ఒప్పేనా అంటే, రూబుళ్ల గొడవ చూడాలి. 2022 మార్చి 31న రష్యా ఒక డిక్రీ తెచ్చింది. తనతో స్నేహంగా లేవని రష్యా అన్న దేశాల కొనుగోలుదారులు గాజ్‌ప్రోమ్‌బ్యాంక్‌లో ఖాతా తెరవాలి, అక్కడ వేసిన యూరోలు రూబుళ్లుగా మారాకే బిల్లు కట్టినట్టు లెక్క. ఒప్పుకోని పోలండ్, బల్గేరియాలకు ఏప్రిల్ 27న, ఫిన్లాండ్‌కి మే 21న గ్యాస్ కట్. కాంట్రాక్టులో యూరోలని రాసి ఉంటే ఒక పక్షం ప్రభుత్వం డిక్రీ తెచ్చినంత మాత్రాన రెండో పక్షం పద్ధతి మార్చుకోవాలా? అక్కర్లేదు. ఫిన్లాండ్ కంపెనీ గాసుమ్ విషయంలో ట్రైబ్యునల్ 2022 నవంబర్‌లో అదే చెప్పింది. అదే అవార్డులో, కట్టాల్సిన బకాయిల కింద 30 కోట్ల యూరోలకు పైగా గాజ్‌ప్రోమ్‌కి చెల్లించమని కూడా గాసుమ్‌ని ఆదేశించింది. రూబుళ్ల మీద గెలిచారు, బకాయి మీద ఓడారు. ఎదుటివాడు తప్పు చేశాడని మన బాకీ మాఫీ అయిపోదు, ఈ ముక్క చాలా కంపెనీలు మర్చిపోతాయి.

బ్రిటన్ సుప్రీంకోర్టు 2024 మేలో ఇచ్చిన తీర్పు ఒకటి మీ పనికి నేరుగా ఉపయోగపడుతుంది. సరుకు పంపే ఆర్‌టీఐ, ఓడ యజమాని ఎంయూఆర్ షిప్పింగ్ అనే కంపెనీల మధ్య బాక్సైట్ రవాణా కేసు అది. అమెరికా ఆంక్షల వల్ల డాలర్లలో చెల్లింపు కష్టమైంది, యూరోల్లో కడతాం, మార్పిడి ఖర్చూ మాదే అని ఆర్‌టీఐ అంది. ఓడ యజమాని ఒప్పుకోలేదు, ఫోర్స్ మజూర్ అన్నాడు, గెలిచాడు. అడ్డంకిని దాటడానికి తగిన ప్రయత్నం చేయాలన్నది నిజమే గానీ, కాంట్రాక్టులో లేని దాన్ని స్వీకరించాల్సిన పని లేదని కోర్టు చెప్పింది. కరెన్సీ క్లాజు చిన్నదిగా కనిపిస్తుంది, చాలామంది పాత కాంట్రాక్టు నుంచి కాపీ కొట్టేస్తారు. దయచేసి అలా చేయకండి.

బీమా సంగతి త్వరగా చెప్తాను. నార్డ్ స్ట్రీమ్ కంపెనీ 2024లో లండన్ హైకోర్టులో బీమా సంస్థల మీద 40 కోట్ల యూరోలకు పైగా దావా వేసింది. యుద్ధం వల్ల గానీ, ఏదైనా ప్రభుత్వ ఆదేశంతో గానీ జరిగిన నష్టానికి పాలసీ వర్తించదని బీమా సంస్థల వాదన. పేల్చింది ఏ దేశం వాళ్లో చెప్పాల్సిన పని లేకుండానే ఈ వాదన సాగుతుంది, అది బీమా సంస్థలకి అనుకూలం. కానీ మినహాయింపు క్లాజు చూపించేవాడే దాన్ని రుజువు చేయాలన్నది ఇంగ్లిష్ చట్టం, అది పైప్‌లైన్ కంపెనీకి అనుకూలం. యుద్ధం జరిగే ప్రాంతానికి దగ్గరగా ఆస్తి ఉంటే మామూలు పాలసీతో సరిపెట్టుకోకుండా వార్ రిస్క్ కవర్ విడిగా తీసుకోవాలి.

ఇక డబ్బు చేతికొస్తుందా అన్నది. మీ మూడు ప్రశ్నల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఇదే.

2024 జూన్‌లో జర్మనీ గ్యాస్ కంపెనీ యూనిపర్‌కి గాజ్‌ప్రోమ్ నుంచి 1,300 కోట్ల యూరోలకు పైగా నష్టపరిహారం, దానితోపాటు కాంట్రాక్టులు రద్దు చేసుకునే హక్కు వచ్చాయి. డబ్బు కన్నా ఆ రద్దు హక్కే వెంటనే పనికొచ్చింది, ఎందుకంటే ఆ కాంట్రాక్టుల్లో కొన్ని 2030ల మధ్య దాకా ఉన్నాయి. అయితే అవార్డుకి ముందే, మార్చిలో, సెయింట్ పీటర్స్‌బర్గ్ కోర్టు ఆ ఆర్బిట్రేషన్ కొనసాగిస్తే 1,430 కోట్ల యూరోల జరిమానా అంది. ఆంక్షల్లో చిక్కిన రష్యా కంపెనీల కేసులు రష్యా కోర్టులే చూస్తాయని 2020లో అక్కడి చట్టం మార్చారు, దాని బలంతో ఇచ్చిన ఆదేశం ఇది. ఒక దేశంలో వచ్చిన ఆర్బిట్రేషన్ అవార్డుని ఇంకో దేశం అమలు చేయాలనే న్యూయార్క్ కన్వెన్షన్ మీద రష్యా సంతకం ఉన్నా, ఇలాంటి అవార్డు పట్టుకుని మాస్కోలో వసూలుకి వెళ్లడం దండగ. అటువంటి రష్యా ఆదేశాలను తమ దగ్గర గుర్తించకూడదని 2024 డిసెంబర్‌లో యూరోపియన్ యూనియన్ కూడా నిషేధం పెట్టింది.

కాబట్టి ఎదుటివాడి సొమ్ము రష్యా బయట ఎక్కడుందో వెతకాలి. నఫ్టోగాజ్ 2018లో స్టాక్‌హోమ్‌లో నికరంగా 256 కోట్ల డాలర్లు గెలిచినప్పుడు గాజ్‌ప్రోమ్ కట్టలేదు. అప్పుడు స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో గాజ్‌ప్రోమ్ షేర్లు, ఆస్తుల మీద అటాచ్‌మెంట్‌లు (జప్తు ఆదేశాలు) తెచ్చారు, వాటిలో నార్డ్ స్ట్రీమ్ కంపెనీల షేర్లూ ఉన్నాయి. 2019 డిసెంబర్‌లో వడ్డీతో సహా 290 కోట్ల డాలర్లు వచ్చాయి. అవార్డు కాగితం కాదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు. అప్పుడు గాజ్‌ప్రోమ్‌కి యూరప్‌లో పోగొట్టుకోవడానికి చాలా ఉంది, కొత్త రవాణా ఒప్పందమూ అవసరం. ఇప్పుడు ఆ రెండూ తగ్గిపోయాయి.

ఆస్ట్రియా కంపెనీ ఓఎమ్‌వీ ఇంకా తెలివైన దారి పట్టింది. 2024 నవంబర్ 13న 23 కోట్ల యూరోల అవార్డు వచ్చింది. జప్తుల జోలికి పోకుండా, తను గాజ్‌ప్రోమ్‌కి కట్టాల్సిన గ్యాస్ బిల్లులోంచే ఆ మొత్తం మినహాయించుకుంటానంది. 16వ తేదీ ఉదయం ఆరు గంటలకి గాజ్‌ప్రోమ్ సరఫరా ఆపేసింది. 1968 నుంచి సాగుతున్న అమ్మకం, 2040 దాకా ఉన్న కాంట్రాక్టు. ఓఎమ్‌వీ ముందే నిల్వలు నింపుకుని ఉంది కాబట్టి తట్టుకుంది, డిసెంబర్‌లో కాంట్రాక్టే రద్దు చేసుకుంది. నిల్వ లేని కంపెనీ ఇదే పని చేస్తే వసూలైన డబ్బు కన్నా నష్టం ఎక్కువయ్యేది. అంతకుముందు మేలో ఓఎమ్‌వీ ఇంకో హెచ్చరిక చేసింది: వేరే పెద్ద యూరప్ కంపెనీ ఒకటి తెచ్చుకున్న కోర్టు ఆదేశం అమలైతే, గాజ్‌ప్రోమ్‌కి ఇవ్వాల్సిన డబ్బు ఆ కంపెనీకి కట్టాల్సి రావచ్చని. మన కోర్టుల్లో గార్నిషీ ఆర్డర్ అంటామే, అలాంటిదే. అంటే మీ కంపెనీ ఏ గొడవలోనూ లేకపోయినా, మీ అమ్మకందారుకి అప్పులవాళ్లుంటే మీ గ్యాస్ ఆగిపోవచ్చు.

మన ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్ అనుభవం వేరేలా ఉంది. గాజ్‌ప్రోమ్ సింగపూర్ అనుబంధ సంస్థతో దీర్ఘకాలిక ఎల్‌ఎన్‌జీ (ఓడల్లో వచ్చే ద్రవరూప గ్యాస్) కాంట్రాక్టు, ఆ సంస్థ మాతృసంస్థని 2022లో జర్మనీ ప్రభుత్వం తన అదుపులోకి తీసుకుంది, రష్యా తిరుగు ఆంక్షలు పెట్టింది, ఓడలు ఆగాయి. గెయిల్ లండన్ ఆర్బిట్రేషన్‌లో 180 కోట్ల డాలర్లకు పైగా అడిగి, 2025 జనవరిలో 28.5 కోట్లకు రాజీపడింది. తక్కువే అనిపిస్తుంది. నగదుగా చేతికొచ్చే రాజీని నేను ఎప్పుడూ తక్కువ చేసి చూడను.

మీరు రేపు చేయాల్సిన పని చెప్తాను. మీ దగ్గరున్న దీర్ఘకాలిక కాంట్రాక్టులు తీసి, ఫోర్స్ మజూర్ క్లాజులో ఆంక్షలు, ప్రభుత్వ ఆదేశాలు అన్న మాటలున్నాయా, అవి ఏ ప్రభుత్వానివైనా సరేనా, అమ్మకందారు సొంత దేశం ఆదేశం కూడా లెక్కలోకొస్తుందా చూడండి. అమ్మకందారే ప్రభుత్వ సంస్థ అయినప్పుడు ఆ చివరి మాట వదిలేస్తే, తన ప్రభుత్వం చేత తనే ఆదేశం ఇప్పించుకుని తప్పించుకునే అవకాశం వాళ్లకి ఉంటుంది. బిల్లులోంచి మినహాయించుకునే హక్కుని కాంట్రాక్టు నిషేధిస్తోందా అని చూడండి, చాలావాటిలో నిషేధం ఉంటుంది, ఎవరూ గమనించరు. ఫోర్స్ మజూర్ నోటీసు వస్తే మాత్రం ఫైల్లో పెట్టేసి ఊరుకోవద్దు. క్లాజులో గడువు చూసుకుని, కారణాలూ రుజువులూ అడుగుతూ, మీ హక్కులు వదులుకోవడం లేదని స్పష్టంగా రాసి జవాబివ్వండి. యూనిపర్ ఆ జూలై లెటర్ అందగానే ఒప్పుకోం అని తిరస్కరించింది. మీ కాంట్రాక్టు చదవకుండా ఇంతకు మించి చెప్పడం సరికాదు, అసలు కాపీలు మీ కంపెనీ లాయర్ ముందు పెట్టి ఈ పాయింట్లు ఒక్కొక్కటీ అడగండి.