కౌన్ బనేగా కరోడ్‌పతిలో ఏ కాలం బెస్ట్?

నా ఓటు 2000లో స్టార్ ప్లస్‌లో వచ్చిన మొదటి సీజన్‌కే. అప్పుడు ప్రశ్నకి టైమర్ లేదు. పోటీదారు ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు, పైకే గొణుక్కోవచ్చు, మనసు మార్చుకోవచ్చు, అమితాబ్ ఆ తడబాటునంతా ఓపికగా చూస్తూ చివరికి 'లాక్ కర్ దియా జాయే?' అని అడిగేసరికి ఇంట్లో కూర్చున్న మనకి కూడా టెన్షన్ పెరిగిపోయేది. హర్షవర్ధన్ నవాథే కోటి గెలిచిందీ ఆ సీజన్‌లోనే.

2007లో షారుఖ్ ఖాన్ చేసిన సీజన్‌లో హుషారు బాగానే ఉంది, కానీ నాకు ఆ నిశ్శబ్దం కావాలి, అది అందులో దొరకలేదు.

2010లో షో సోనీకి మారాక మొదటి ప్రశ్నలకి గడియారం పెట్టారు. వేగం పెరిగింది, ఆలోచించే మనిషిని చూసే ఆనందం కొంత తగ్గింది. అయినా 2011ని మాత్రం వదలలేను. బీహార్‌లోని మోతీహారి నుంచి వచ్చిన సుశీల్ కుమార్ 5 కోట్లు గెలిచిన ఎపిసోడ్ ఇప్పుడు చూసినా కళ్లు చెమరుస్తాయి. చిన్న ఊళ్ల మనుషుల కథలకి షోలో అంత చోటు దొరికింది ఆ రోజుల్లోనే అని నా అభిప్రాయం.