ఫసలీ 1344 అంటే ఏ ఏడు?

సందేహం: మా తాతగారి శిస్తు రసీదులు రెండు దొరికాయి. రెండింటి మీదా 'ఫసలీ 1344' అనే ఉంది. ఒకదాని తేదీ 20-11-1934, రెండోదాని తేదీ 18-2-1935. మొదటిదానికి 590, రెండోదానికి 591 కలిపితేగాని లెక్క కుదరడం లేదు. ఏది తప్పు? ఫసలీ అంటే ముస్లిముల హిజ్రీయేనా? 'ఫసలీ శకం' అనవచ్చా? – ఒక పాఠకురాలు, నరసన్నపేట

సమాధానం: రెండు రసీదులూ సరైనవే. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఫసలీ, అంటే శిస్తు లెక్కల ఏడు, జూలై 1న మొదలై జూన్ 30న ముగిసేది. జూలై నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి జూన్ దాకా 591 కలపాలి. తేదీ లేని కాగితమైతే ఒకే ఏడు తేల్చకుండా '1934–35' అని రాసుకోవడమే క్షేమం.

ఫసలీ పుట్టింది హిజ్రీలోంచే, కానీ హిజ్రీ కాదు. హిజ్రీ ఏడు చాంద్రమానం, సుమారు 354 రోజులు. మన పంచాంగమూ చాంద్రమానమే అయినా, అధికమాసం వేసి రుతువులతో కలుపుకుంటాం. హిజ్రీలో అధికమాసం లేదు కనుక ఏడాదికి 11 రోజుల చొప్పున ముందుకు జరిగిపోతుంది. పంట ఇంటికి రాకముందే శిస్తు గడువు వచ్చిపడితే రైతు ఎక్కడినుంచి తెస్తాడు? అందుకే అక్బరు కాలంలో హిజ్రీ 963 అంకెను పట్టుకుని, అక్కడినుంచి సౌరమానంలో లెక్కించారు. దక్కనులో షాజహాను కాలంలో, 1636లో, హిజ్రీ 1046 నుంచి ఆ పని జరిగింది. మన 590 తేడా అక్కడిదే. మీ రెండో రసీదు నాటికి హిజ్రీ 1353 నడుస్తోంది. మూడు వందల ఏళ్లలో తొమ్మిదేళ్ల ఎడం వచ్చిందన్నమాట.

కాబట్టి 'ఫసలీ శకం' అనకపోవడమే మంచిది. శకానికి ఒకటో ఏడంటూ ఉండాలి. ఫసలీ 1 అనే ఏడు ఎన్నడూ నడవలేదు. 'ఫసలీ 1344', '1344వ ఫసలీ' రెండూ ఒప్పే. ఫసలు అంటే పంట, ఫసలీ అంటే శిస్తు లెక్కల ఏడు. ఒకదానికి బదులు ఇంకొకటి వాడకండి. జూలైలో ఊడ్చిన వరి, కోతలయ్యాక చల్లిన పెసలు, మినుములు ఒకే ఫసలీలోకి వస్తాయి. జూలై 1 ఎంత సబబైన హద్దో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఉగాదికి ఫసలీ మారదు. ఇది కాగితాల తేదీ తేల్చడానికి బాగా పనికొస్తుంది. 'భావ, ఫసలీ 1344' అని ఉంటే అది 1934 జూలైకీ 1935 ఉగాదికీ మధ్యది. 'యువ, ఫసలీ 1344' అయితే 1935 ఉగాది తరవాత, జూన్ 30 లోపుది. 'యువ, ఫసలీ 1345' అయితే జూన్ దాటాకే.

రసీదులో గంజాం జిల్లా అని కనిపిస్తే అనుమానించకండి. మీ నరసన్నపేట ఇప్పుడున్న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. ఇంకా పాత కాగితాలుంటే ఒక జాగ్రత్త: జూలై 1 హద్దు 1855లో వచ్చింది. అంతకుముందు ఫసలీ జూలై నడిమిలో మారేది. అందువల్ల అప్పటి జూలైలో ఫసలీ మారకముందరి తేదీలకు 590 కాదు, 591 కలపాలి.