ప్రెజర్ స్నాగ్ (విమానం లోపలి గాలి ఒత్తిడిలో లోపం) పట్టబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "దానికి సొంతంగా ఒక విమానం అప్పజెప్పారట అన్నయ్యా. లోపల గాలి నిలవడం లేదట, అదేంటో ఇదే చూసి పెట్టాలట" అంది. గాలి నిలవడం లేదంటే మీ అమ్మకి సైకిల్ ట్యూబు గుర్తొచ్చినట్టుంది, నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వుతూనే విన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావని ఇలా ఉత్తరం రాస్తున్నాను.

నాకు గర్వంగా లేదనుకోకు. మన ఇంట్లో నా తర్వాత ఏఎంఈ, అంటే విమాన నిర్వహణ ఇంజినీర్, లైసెన్సు తీసుకున్నది నువ్వే. ఆరేళ్లప్పుడు బేగంపేట హ్యాంగర్‌కి తీసుకెళ్తే విమానం టైరుకి ఆనుకుని కూర్చుని నా క్యారేజీలో ఉప్మా అంతా తినేశావు. ఇప్పుడు అదే నువ్వు కింగ్ ఎయిర్ బీ200 అనే రెండు ఇంజిన్ల చిన్న విమానం మీద సంతకం పెట్టబోతున్నావు.

నీకు తెలిసినవి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. మాన్యువల్ తెరిచి పక్కన పెట్టుకో. డోర్ సీల్ చుట్టూ వేలు పెట్టి తడుము. లోపలి ఒత్తిడిని నడిపించే కంట్రోలర్ ఫిల్టర్ చూడు. గాలిని బయటికి వదిలే ఔట్‌ఫ్లో వాల్వు, సేఫ్టీ వాల్వు ఆనే అంచులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడు. అంతే.

పైలట్‌తో మాట్లాడ్డం దగ్గర మాత్రం తొందరపడకు. వాళ్లు స్నాగ్ షీటులో "ప్రెజర్ సరిగా లేదు" అని రాసి వెళ్లిపోతారు. ఒక టీ ఇప్పించి కూర్చోబెట్టు. క్యాబిన్ ఎత్తు ముల్లు, అంటే లోపలి గాలి ఎంత ఎత్తులోని గాలంత పలచగా ఉందో చూపేది, కిందకీ పైకీ ఊగిందా, తిన్నగా ఎక్కుతూ పోయిందా? ఊగితే కంట్రోలర్ వైపు, వాల్వు వైపు చూడాలి. పవర్ తగ్గించినప్పుడే క్యాబిన్ పైకి ఎక్కిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు, లేదా వచ్చే గాలే చాలడం లేదన్నట్టు. ఇంజిన్ నుంచి క్యాబిన్‌కి గాలి తెచ్చేది బ్లీడ్ కదా, ఎడమ ఇంజిన్ బ్లీడ్ ఒకసారి మూసి, కుడిది ఒకసారి మూసి చూశారా అని అడుగు. రెండు ఇంజిన్ల నుంచి గాలి వస్తున్నప్పుడు ఆ గాలిని కొలతగా పంపే ఫ్లో ప్యాక్ ఒకటి నీరసపడినా రెండోది మోసుకుపోతుంది, బయటికి తెలియదు. ఉమ్మడి కుటుంబంలో పని చెయ్యని అల్లుడిలాగా.

మా రోజుల్లో లీకు పట్టడానికి ఒక సుఖం ఉండేది. క్యాబిన్‌లో అందరూ సిగరెట్లు తాగేవాళ్లు. గాలి ఎక్కడి నుంచి కారుతోందో అక్కడ బయటి రేకు మీద గోధుమరంగు చార పడేది. ఆ సిగరెట్ తారే వాల్వుల్ని జిగురు పట్టించేది కూడా, అది వేరే కథ. నీకు ఇప్పుడు సబ్బునీళ్లు, చెవులే దిక్కు.

ఇక నా భయాలకి వస్తాను. మొదటిది తలుపు. ప్రెజర్ ఎక్కించి నేల మీద లీక్ టెస్ట్ చేస్తావు కదా. బీ200 తలుపు సుమారు 1,400 చదరపు అంగుళాలు. లోపల అర పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి అర పౌను ఒత్తిడి, మిగిలిపోయి ఉన్నా దాని మీద 300 కిలోలకి పైగా తోపు ఉంటుంది. పూర్తిగా 6.5 ఉంటే నాలుగు టన్నులు. హ్యాండిల్ దగ్గర ఒత్తిడిని పసిగట్టే డయాఫ్రం ఉంది కదా, అదే ఆపుతుందిలే అనుకోకు. గేజ్ సున్నా చూపించాక కూడా కాక్‌పిట్‌లోని చిన్న కిటికీ తెరిపించు, ఆ తర్వాతే తలుపు. ఆ మెట్ల తలుపు ఎటు పడుతుందో అటు ఎవరినీ నిలబడనివ్వకు. నువ్వసలు నిలబడకు. ఈ విషయంలో నీతో వాదన లేదు.

రెండోది నా పాత తప్పు. మీ అమ్మకి ఇప్పటికీ తెలియదు.

1994 వర్షాకాలం. ఒక ప్రైవేటు కంపెనీ వాళ్ల పాత సీ90, అదీ కింగ్ ఎయిరే, మా చేతికి వచ్చింది. పవర్ తగ్గిస్తే క్యాబిన్ ఎక్కుతోందని స్నాగ్. నేను తిన్నగా కంట్రోలర్ మీద పడ్డాను. మార్చాను. నేల మీద తక్కువ ప్రెజర్‌లో ఒకసారి చూసి, "గ్రౌండ్ చెక్ బాగుంది" అని సంతకం పెట్టాను. మళ్లీ అదే స్నాగ్. ఇంకో కంట్రోలర్ తెప్పించి మార్చాను. మళ్లీ అదే. అప్పుడైనా లాగ్‌బుక్ వెనక్కి తిప్పి ఉండాల్సింది. ఆ స్నాగ్ మొదలవడానికి నాలుగు రోజుల ముందు క్యాబిన్ గాలిని వెనక ఆపే గోడ, అదే ప్రెజర్ బల్క్‌హెడ్, గుండా కొత్త రేడియో యాంటెనా కేబుల్ లాగిన ఎంట్రీ ఉంది. కింద సంతకం నాదే. ఆ పేజీ నాకు గుర్తు లేక కాదు అమ్మలూ. అది నా పని కాబట్టి అందులో తప్పు ఉండదనుకున్నాను.

మూడోసారి నేనే ఎక్కాను. నాగపూర్ వైపు, 23,000 అడుగులు. ఒళ్లో ఒక ఆల్టిమీటర్ పెట్టుకుని, వెనక బల్క్‌హెడ్‌కి చెవి ఆనించి, నిమిషానికోసారి క్యాబిన్ ఎత్తు నోట్‌బుక్‌లో రాస్తున్నాను. పైలట్ పవర్ తగ్గించగానే వెనక "టప్" అని ఒక చప్పుడు, ఆ తర్వాత ఈల. గ్రీజు సరిగా తుడవకుండా నేను పూసిన సీలెంట్ ఊడి, కేబుల్ చుట్టూ ఉండే రబ్బరు గ్రోమెట్‌తో సహా పోయింది. బొటనవేలు పట్టేంత కన్నం. ముందున్న పైలట్లు ఆక్సిజన్ మాస్కులు పెట్టుకుని దిగడం మొదలుపెట్టారు. వెనక సీట్లకి మాస్కు ఉంది, కానీ తీసి ప్లగ్ పెట్టుకోవాల్సిన రకం. నేను పెట్టుకోలేదు.

ఎందుకు పెట్టుకోలేదో చెబితే నువ్వు నమ్మవు. నాకు చాలా హాయిగా అనిపించింది. లీకు దొరికిందన్న సంతోషం అనుకున్నాను. గోళ్లు నీలంగా మారడం చూశాను, రంగు బాగుందనిపించింది. అప్పట్లో రోజుకో పెట్టె కాల్చేవాణ్ణి, అది కూడా తోడైంది. ఆల్టిమీటర్ 17,000 దాటిందని తర్వాత నోట్‌బుక్ చూస్తే తెలిసింది. కో పైలట్ వెనక్కి తిరిగి నా మీద అరిచాడట. నేను చెయ్యి ఊపానట.

నొప్పి పుడితే మనిషి జాగ్రత్తపడతాడు. దీనికి నొప్పి లేదు. 25,000 అడుగుల దగ్గర ఆక్సిజన్ లేకపోతే పనికొచ్చే తెలివి మూడు నుంచి ఐదు నిమిషాలే అని మాకు పాఠం చెప్పారు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ పాఠం ఆ రోజు ఒక్క ముక్క పని చెయ్యలేదు.

2000 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి లియొనోరాకి బయల్దేరిన కింగ్ ఎయిర్ సంగతి చదివే ఉంటావు. పైలట్ మాట తడబడింది, విమానం ఎక్కాల్సిన ఎత్తు దాటి ఎక్కుతూనే పోయింది. గంటల తరబడి అలాగే ఎగిరి క్వీన్స్‌లాండ్‌లో బర్క్‌టౌన్ దగ్గర కూలింది. ఎనిమిది మంది. నువ్వు పట్టబోయేదీ ఆ 200 కుటుంబం విమానమే. 2005లో కూలిన సైప్రస్ కంపెనీ హీలియోస్ బోయింగ్ అంతకంటే పెద్దది, కానీ నన్ను ఎక్కువగా వెంటాడేది అదే. నేల మీద లీక్ టెస్ట్ కోసం ప్రెజర్ సెలెక్టర్‌ని ఆటో నుంచి చేత్తో నడిపే మాన్యువల్ స్థానంలో పెట్టారు, అలాగే ఉండిపోయింది. పైలట్లు కూడా పట్టుకోలేదు. 121 మంది పోయారు. 2018లో ముంబై నుంచి జైపూర్ వెళ్తున్న విమానంలో బ్లీడ్ స్విచ్ వెయ్యడం మరిచిపోయి, ప్రయాణికుల ముక్కుల్లోంచి రక్తం వచ్చింది, టీవీలో మీ అమ్మ కూడా చూసింది.

అందుకే టెస్ట్ అయ్యాక నువ్వు ఏ స్విచ్ కదిపావో, ఏ బ్రేకర్ లాగావో ఒక చీటీ మీద ముందే రాసుకో. ఒక్కొక్కటి వెనక్కి పెట్టి టిక్ కొట్టు. పైలట్ చూసుకుంటాడులే అనకు. సీలెంట్ ఆరడానికి డబ్బా మీద ఎన్ని గంటలు రాశారో అన్ని గంటలూ ఆగు, ఓనరు వచ్చి గడియారం చూపించినా సరే. "సార్, ఇంకా ఆరలేదు" అను, టీ తాగుతూ ఉండు. కోప్పడతాడు. పడనీ.

లాగ్‌బుక్‌లో ముందు నీ సంతకం ఉన్న పేజీలే వెతుకు. ఇది నీకు చెప్పడం సులువు. అప్పుడు నాకు ఎవరైనా చెప్పి ఉంటే నేను వినేవాణ్ణో లేదో.

భోజనం మానేసి పని చెయ్యకు. ఎండలో హ్యాంగర్ రేకు కింద నీకు ఎప్పుడూ తలనొప్పి వస్తుంది. ఎన్ని గంటలకైనా సరే, అర్థం కాకపోతే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రి అయినా ఎత్తుతాను, ఎలాగూ నిద్ర పట్టదు.

ఆ నోట్‌బుక్‌లోని పేజీ జిరాక్స్ తీసి దీంతో పెడుతున్నాను. పైన నాలుగు లైన్లు నా చేతిరాతే, గుండ్రంగా ఉంటాయి. ఐదోది పక్కకి వాలింది. ఆరోది కాగితం చివర దాటి పోయింది, అక్కడ ఏం రాశానో నాకు ఇప్పటికీ తెలియదు. నీకేమైనా కనిపిస్తే చెప్పు. మీ అమ్మకి మాత్రం చూపించకు.

మామయ్య