గ్రీకు పురాణ కథతో ఈ మధ్య వచ్చిన ఆపెరా (పాటలతోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటకం) ఏదైనా చూశారా? మొదటిసారి చూసేవాళ్ళకు ఎక్కుతుందా?

చూశాను. ఎక్కుతుందా అంటే, ఏది ఎంచుకుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. నేనైతే ‘యూరిడిసీ’తో మొదలుపెట్టమంటాను. సంగీతం మాథ్యూ ఓకాయిన్‌ది. మాటలు సారా రూల్‌వి, తన నాటకాన్నే ఆమె ఆపెరాగా మార్చారు. 2020 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలిస్‌లో మొదటిసారి వేశారు, 2021 నవంబరులో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఆపెరా (మెట్) వేదికకు వచ్చింది. నేను ఆ డిసెంబరులో, ఇక్కడ అమెరికాలో మా ఊరి సినిమా హాల్లో లైవ్ ప్రసారం చూశాను. పాడేది ఇంగ్లీషులోనే అయినా సబ్‌టైటిల్స్ లేకపోతే సగం మాటలు చెవిన పడవు.

పాత కథ ఇదీ: చనిపోయిన భార్య యూరిడిసీ కోసం గాయకుడు ఆర్ఫియస్ పాతాళానికి వెళతాడు. వెనక్కి చూడకూడదన్న షరతు మీద ఆమెను తీసుకొస్తూ, దారిలో తిరిగి చూసి పోగొట్టుకుంటాడు. కనీసం 1607లో ఇటలీ సంగీతకర్త మాంటెవెర్ది కాలం నుంచీ దీన్ని ఆపెరాగా కడుతూనే ఉన్నారు. ఇందులో మాత్రం నన్ను పట్టేసింది మొగుడూపెళ్ళాల గొడవ కాదు, తండ్రీకూతుళ్ళది.

యూరిడిసీ పాతాళానికి లిఫ్టులో దిగుతుంది. ఆ లిఫ్టులోనే వాన కురుస్తుంటుంది, దాంతో జ్ఞాపకాలన్నీ కొట్టుకుపోతాయి. అంతకుముందే చనిపోయి అక్కడున్న తండ్రి ఎదురొస్తే, హోటల్లో సామాన్లు మోసే మనిషి అనుకుని గది చూపించమంటుంది. అక్కడ గదులెక్కడివి? ఆయన మారుమాట్లాడకుండా ఒక దారం తీసుకుని నాలుగు వైపులా కట్టి, గాల్లోనే ఆమెకో గది తయారుచేస్తాడు. తండ్రి పాత్ర వేసిన గాయకుడు నేథన్ బర్గ్ ఆ పని ఎక్కడా ఏడుపు మొహం పెట్టకుండా చేశాడు. నాకు మాత్రం కళ్ళు ఆగలేదు.

ఆ అసలు మలుపు కూడా కొత్తగా ఉంటుంది. ఆర్ఫియస్ తనంతట తాను తిరగడు, యూరిడిసీయే పేరు పెట్టి పిలుస్తుంది. భయంతోనా, నాన్న దగ్గర ఉండిపోవాలనా అన్నది మనకే వదిలేశారు.

అన్నీ కుదిరాయని అనను. ఆర్ఫియస్‌లోని సంగీతకారుడిగా పక్కనే ఇంకో గాయకుణ్ణి నిలబెట్టారు. గొంతు బాగుంది కానీ, ఒకే పాత్రకు ఆ ఇద్దరు ఉండటం ఎందుకో చివరిదాకా నాకు అతకలేదు. పాతాళరాజు హేడిస్ పాట అంతా చెవులు చిల్లులుపడే పైస్థాయిలోనే సాగుతుంది. కావాలనే అలా రాశారు, ఓర్చుకోవాలి.

రాగం పట్టుకుని ఇంటికెళ్ళి కూనిరాగం తీసే రకం కాదిది. అలాంటిదే కావాలంటే ఇదే కథ మీద గ్లక్ అనే సంగీతకర్త 1762లో చేసిన ఆపెరా వినండి, పైగా అందులో చివరికి శుభం కార్డు పడుతుంది. ఏది చూసినా పద్యనాటకానికి వెళ్ళినట్టు కథ ముందే తెలుసుకుని వెళ్ళండి, తర్వాత ఏం జరుగుతుందన్న టెన్షన్ లేకపోతే పాట మీద మనసు నిలుస్తుంది.