బకెట్‌లో పురుగులు, ఆర్వో వదిలే నీళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది విజయవాడలో అపార్ట్‌మెంట్. నలుగురం ఉంటాం. బాల్కనీలో పాత పెయింట్ బకెట్ పెట్టి కూరగాయల తొక్కలతో ఎరువు చేద్దామనుకున్నాం. పది రోజులకే కుళ్లు వాసన, తెల్ల పురుగులు. పక్కింటివాళ్లు గొడవ చేస్తున్నారు. పారేయమంటారా?

జవాబు: పారేయకండి, ఈ ఆదివారమే బాగుచేసుకోవచ్చు. చిక్కంతా తడి దగ్గర ఉంది. తోటకూర కాడలు, సొరకాయ తొక్కల్లాంటి వాటిలో ముప్పాతిక వంతుకు పైగా నీరే. అవి మెత్తబడి ముద్దలా అతుక్కుంటే లోపలికి గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు పెరిగి ఆ ముద్దను కుళ్లబెడతాయి.

పాత పేపర్లు పరిచి బకెట్‌ని బోర్లించండి. ముద్దలన్నీ చిదిపి, వచ్చిన చెత్త ఎంతుందో దాదాపు అంతే కొలతలో ఎండుటాకులు గానీ, కొబ్బరి పీచు పొడి గానీ, రంపపు పొట్టు గానీ కలపండి. తూకంలో కాదు, కొలతలో. ఇప్పుడు గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు వస్తే సరిపోయినట్టు. ధార కడితే ఇంకాస్త పొట్టు కలపాలి. పిడికిలి విప్పగానే పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించాలి. ఈ పిడికిలి పరీక్ష వస్తే చాలు, మిగతాదంతా తేలిక.

ఇక బకెట్. 20 లీటర్ల బకెట్‌కి చుట్టూ నాలుగు వరసల్లో, నాలుగేసి అంగుళాల ఎడంలో, పెన్సిల్ దూరేంత బెజ్జాలు వేయించండి. అడుగున ఐదారు చాలు. కింద రెండు ఇటుక ముక్కలు, వాటి నడుమ ఓ పళ్లెం పెట్టండి. అడుగున రెండంగుళాల మందాన ఎండుటాకులు పరిచాకే చెత్త వేయడం మొదలుపెట్టాలి. రోజూ గిన్నెడు చెత్త వేస్తే గిన్నెడు పొడి సరుకు వేయాలి, పైన తొక్క ఒక్కటి కూడా కనిపించకూడదు. తొక్కలు ఎంత చిన్నగా తరిగితే అంత త్వరగా మాగుతాయి. వారానికి రెండుసార్లు కర్రతో అడుగు దాకా తిరగెయ్యండి. పుల్ల మజ్జిగ మంచిదని గ్లాసులకొద్దీ పోసేవాళ్లున్నారు. మొదట్లో రెండు చెంచాలు నీళ్లలో కలిపి చల్లితే చాలు, అంతకు మించితే మళ్లీ తడే.

పురుగులంటారా, ఈగలు గుడ్లు పెట్టడం వల్ల వచ్చినవి. పొడి సరుకు కప్పి, మూతికి పల్చటి గుడ్డ కడితే కొత్తవి రావు. బూడిద రంగులో, బల్లపరుపుగా, గట్టిగా కనిపించేవి బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లలు. అవి చెత్తను తిని అరిగిస్తాయి, మనకు హాని చేయవు. చూడలేకపోతే తీసి మట్టి కుండీలో వేయండి, చంపనక్కర్లేదు.

కుళ్లు కాకుండా ముక్కు మండే ఘాటు వస్తే దాని కారణం వేరు. ఆకుకూరలు, టీ పిప్పి ఎక్కువై నత్రజని పెరిగిందన్నమాట. దానికీ మందు ఎండుటాకులే. ఆవకాయ, నూనె, ఎముకలు వేయకండి. చద్దన్నం ముద్దగా వేయకండి, పొడి సరుకులో కలిపి విడివిడిగా చల్లండి. కొబ్బరి చిప్ప, మామిడి టెంక రెండు నెలల్లో మాగవు, వేరు చేయండి.

నలుగురున్న ఇంట్లో బకెట్ దాదాపు మూడు వారాల్లో నిండుతుంది, ఎరువు కావడానికి మరో రెండు నెలలు. అందుకని ఒకటి చాలదు, నాలుగు కావాలి. తయారైందో లేదో తెలియాలంటే గుప్పెడు కవర్లో కట్టి మూడు రోజులుంచండి. విప్పితే వాన పడ్డ మట్టి వాసన రావాలి. కుండీల్లో మూడు వంతుల మట్టికి ఒక వంతు కలుపుకోండి.

ఇదంతా ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. తడిచెత్త లారీ ఎక్కిందంటే మున్సిపాలిటీ డీజిల్ పోసి నీటిని మోస్తున్నట్టే. గుట్టలో పడ్డాక ఆ నీరే నల్లటి రసంగా కారి, గాలి ఆడని లోపలి పొరల్లో మీథేన్ పుడుతుంది. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో డంపింగ్ యార్డు పక్క మల్కారం చెరువును పాడుచేసింది అలా కారిన రసమే.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాం. ఆర్వో యంత్రం బకెట్లకొద్దీ నీళ్లు వదిలేస్తోంది. మొక్కలకు పోయొచ్చా?

జవాబు: ముందు ఆర్వో అవసరమో కాదో చూసుకోండి. మీకు వచ్చేది మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లయితే టీడీఎస్‌ని, అంటే నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని, ఓ చిన్న టీడీఎస్ మీటరుతో కొలవండి. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. అంతకన్నా తక్కువుంటే యూఎఫ్ (సన్నటి పొరతో వడపోత), యూవీ (క్రిములను చంపే అతినీల కిరణాలు) ఉన్న యంత్రం సరిపోతుంది, అది నీటిని ఇలా పారబోయదు. బోరు నీళ్లయితే మీటరును నమ్ముకోవద్దు. ఫ్లోరైడ్ ఎంతుందో అది చెప్పదు, ల్యాబ్‌లో పరీక్ష చేయించాల్సిందే.

ఆర్వో తప్పనిసరైతే, లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి పోవడం మామూలే. లోపలికి 600 టీడీఎస్ నీళ్లు వెళ్లి లీటరుకు రెండు లీటర్లు వదిలితే, ఆ వదిలిన నీటిలో దాదాపు 875 ఉంటుంది. ఇల్లు తుడవడానికి, గిన్నెలు మొదటిసారి కడగడానికి, టాయిలెట్‌లో పోయడానికి బాగా పనికొస్తుంది. కుండీలకు రోజూ పోస్తే మాత్రం ఉప్పు పేరుకుని ఆకు అంచులు మాడతాయి. నాలుగైదు రోజులకోసారి పోస్తే పోయండి, మధ్యలో మామూలు నీళ్లు కుండీ అడుగు నుంచి కారేదాకా పట్టించాలి. కూలర్‌లో వద్దు, గడ్డిమీద తెల్ల పొర కడుతుంది. వృథా తగ్గుతుందని యంత్రం నీళ్లు వదిలే పైపును నొక్కి కట్టడం అస్సలు చేయకండి. ఉప్పు లోపలే ఉండిపోయి మెంబ్రేన్, అంటే నీటిని వడపోసే పొర, పాడవుతుంది.

ప్రశ్న: పాల కవర్లు పొడిచెత్తలో వేస్తే చాలా?

జవాబు: కడిగి, ఆరబెట్టి వేయండి. మిగిలిన పాలు పులిస్తే పక్కనున్న కాగితాలకు కూడా ఆ తడి అంటి ఎవరూ కొనరు. కత్తిరించేటప్పుడు మూలను పూర్తిగా తెంపకండి, కవరుకే వేలాడేలా ఉంచండి. తెగిన ఆ చిన్న ముక్కను ఏరేవాళ్లుండరు, సింకులోంచి నేరుగా కాలువలోకి పోతుంది.